తడి షెడ్డుకు, తుప్పు గాలికి తగిన దీపం ఎంచుకోవడం



చాకీ పెంపకం, జ్వరాల సమయంలో జాగ్రత్తలు, గది శుద్ధి, చంద్రికల మీదికి పురుగులను ఎక్కించడం వంటి విషయాలు మీరు ఇంతకుముందు చదివే ఉంటారు. ఈసారి ఒక్కసారి తల ఎత్తి మీ షెడ్డు కప్పు వైపు చూడండి. అక్కడ ఒక ట్యూబులైటో, ఎల్ఈడీ పట్టీయో, హోల్డరుకు వేలాడే బల్బో ఉంటుంది. దాన్ని కొన్నప్పుడు ధర అడిగారు, ఎన్ని వాట్లని అడిగారు. నీళ్ళు పడితే ఏమవుతుందని అడిగారా? బ్లీచింగ్ పౌడరు ఆవిరి తగిలితే ఎన్నాళ్ళు ఉంటుందని అడిగారా? చాలామంది అడగరు. దుకాణదారుడూ చెప్పడు.

అడగకపోతే ఏమవుతుందో ఒక రీలింగ్ షెడ్డులో చూశాను. బేసిన్ పైన ఇనుప రేకు ఫిటింగు ఒకటి ఉంది. దాన్ని ఇంటి వసారాకు కొని, అక్కడ వద్దనుకుని తెచ్చి షెడ్డులో తగిలించారు. రోజంతా వేడినీళ్ళ ఆవిరి దానికే తగులుతుంది. ఏడాది తిరిగేలోగా లోపలి వైరు మీది తొడుగు పగిలి, తుప్పు నీళ్ళలో కరెంటు రేకుకు పాకింది. ఎర్త్ వైరు ఉంది గానీ ఎవరూ దాన్ని బిగించలేదు, చివర చుట్టి పక్కన పెట్టారు. దారం తీసే అమ్మాయి తడి చేత్తో ఫిటింగును పక్కకు జరపబోయి షాకు తిని వెనక్కి పడింది. కాళ్ళ కింద చెక్కపీట ఉండబట్టి బతికింది. పీట లేకుండా తడి సిమెంటు నేల మీద నిలబడి ఉంటే ఏమయ్యేదో ఆ షెడ్డులో ఎవరూ పైకి అనలేదు. ఆ రోజు పని మాత్రం ఆపేశారు.

షాకు ఒక్కటే నష్టం కాదు. పెంపకం గదిలో నాలుగో జ్వరం దాటి పురుగు ముమ్మరంగా ఆకు తినే రోజుల్లో దీపం ఆరిపోతే రాత్రి మేత వేయడం, రోగపు పురుగులను ఏరడం చేతి టార్చి పాలవుతాయి. ఫ్యూజు పోతే ఫ్యాన్లు కూడా ఆగుతాయి. వందల రూపాయల ఫిటింగు వేల రూపాయల పంటను చెడగొట్టగలదు.

మన షెడ్డులో దీపానికి శత్రువులు ఎవరు?

మొదటిది తేమ. చాకీ గదిలో 27, 28 డిగ్రీల వేడి, 80 నుంచి 90 శాతం తేమ ఉండాలని మనమే చెబుతాము. పెద్ద పురుగులకు 24 నుంచి 26 డిగ్రీలు, 70 నుంచి 75 శాతం తేమ ఉంచుతాము. పురుగుకు హాయిగా ఉండే గాలి ఇనుముకు హాయిగా ఉండదు.

రెండవది చిమ్మే నీరు. పంట పంటకూ మధ్య స్ప్రేయరుతో గోడలు, కప్పు, స్టాండ్లు అన్నీ తడుపుతాము. చేతి స్ప్రేయరు తుంపర వేరు, పవర్ స్ప్రేయరు ధార వేరు. దీపం దృష్టిలో ఈ రెంటికీ చాలా తేడా ఉంది. ఆ సంగతి కిందికి వస్తుంది.

మూడవది అన్నిటికన్నా మొండిది. అదే మనం వాడే మందు. 2 శాతం బ్లీచింగ్ పౌడరులో కలిపే సున్నం, 2 శాతం ఫార్మలిన్, 500 పీపీఎం క్లోరిన్ డయాక్సైడ్ ఇవన్నీ రోగక్రిములను చంపడానికి పెట్టినవే. అయితే వాటికి క్రిమి ఏదో, స్క్రూ ఏదో తెలియదు. బ్లీచింగ్ పౌడరు ఆరిపోయాక కూడా పని మానదు. అది విరిగి మిగిలే కాల్షియం క్లోరైడ్ గాలిలోని తేమను తనంతట తానే పీల్చుకుంటుంది. గది ఆరినట్టే కనిపిస్తుంది గానీ ఫిటింగు అంచున, స్క్రూ తల కింద ఉప్పుతడి అలాగే ఉంటుంది. అక్కడే తుప్పు మొదలవుతుంది.

ఈ మూడవ శత్రువు బలం కళ్ళారా చూడాలంటే ఈసారి చెన్నైకి వెళ్ళినప్పుడు తొండియార్‌పేట దాకా వెళ్ళండి. 2021 ఫిబ్రవరి నుంచి మెట్రో రైలు కూడా అటు పోతోంది.

తొండియార్‌పేట వీధుల్లో చూడవలసినది

తొండియార్‌పేట ఉత్తర చెన్నైలో సముద్రం ఒడ్డున ఉంది. రామనాథపురం వైపు తొండి నుంచి వచ్చిన కుణంగుడి మస్తాన్ సాహెబును జనం తొండియార్ అని పిలిచేవారని, ఆయన ఉన్న చోటు కాబట్టి తొండియార్‌పేట అయిందని చెబుతారు. దానికి ఆనుకునే చాకలిపేట ఉంది. కంపెనీ కాలంలో గుడ్డలు ఉతికి తెల్లబరిచే వాళ్ళు కాపురముండటం వల్ల దానికి ఆ పేరు వచ్చింది. అక్కడి కాలేజీకి పేరు పెట్టిన పిట్టి త్యాగరాయ శెట్టిగారు దేవాంగుల నేత కుటుంబంలో పుట్టిన తెలుగువారు. దారంతో బతికే మనకు ఆ పేటలు పరాయివి కావు.

అక్కడ సముద్రం వైపున్న వీధిలో నిలబడి ఇళ్ళ ముందరి దీపాలను, మేడమీది గొట్టాలను, గేటు గొళ్ళాలను పరికించి చూడండి. ఒకే ఇనుప స్తంభానికి సముద్రం వైపు ఒక రంగు, ఊరి వైపు మరో రంగు ఉంటుంది. ఒడ్డు నుంచి లోపలికి పోయేకొద్దీ తుప్పు తగ్గుతూ వస్తుంది. అలలు విరిగినప్పుడు లేచే ఉప్పు తుంపర గాలిలో కొట్టుకొచ్చి ఇనుము మీద కూర్చుంటుంది. ఆ ఉప్పులో ఉన్నది క్లోరైడే. మన బ్లీచింగ్ పౌడరు వదిలిపోయేదీ క్లోరైడే. అక్కడ సముద్రం ఏడాది పొడుగునా కొద్దికొద్దిగా చేసే పనిని, ఇక్కడ మనం పంటకొకసారి బకెట్లతో చేస్తాము.

పక్కనే కాశిమేడు చేపల రేవు ఉంది. ఐసు, చేపలు కడిగే ఉప్పునీళ్ళు, ఎప్పుడూ తడిగా ఉండే నేల, తడి చేతులు అక్కడి వాతావరణం. మన రీలింగ్ షెడ్డుకు దాన్ని మించిన పోలిక దొరకదు. పడమటి వైపు బకింగ్‌హామ్ కాలువ ఉంది. మురుగునీటి నుంచి లేచే కుళ్ళు కోడిగుడ్డు వాసన గల వాయువు వెండిని నల్లబరుస్తుంది. ఎల్ఈడీ లోపల వెలుగును ముందుకు తిప్పే పలుచని వెండిపూత చాలా రకాల్లో ఉంటుంది. అది నల్లబడితే దీపం ఆరదు, మసకబారుతుంది. రీలింగ్ షెడ్డు వెనక ప్యూపాలు కుప్ప పడి కుళ్ళితే ఇలాంటి వాసనే వస్తుందని మీకు తెలుసు. దీపం త్వరగా మసకబారితే ఎల్ఈడీని తిట్టే ముందు ప్యూపాల కుప్పను దూరంగా తీయించండి.

వర్షాల సంగతి కూడా చెప్పాలి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వచ్చినప్పుడు ఉత్తర చెన్నైలో అనేక వీధులు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. నీళ్ళు చిమ్మడం ఒకటి, నీళ్ళలో మునగడం మరొకటి. ఈ తేడాను ఫిటింగు మీద ఒక అంకె చెబుతుంది.

ఐపీ అంకెను చదవడం

మంచి ఫిటింగు ఒంటి మీద ఐపీ అనే రెండక్షరాలు, వాటి పక్కన రెండు అంకెలు ఉంటాయి. ఇది ప్రపంచమంతటా ఒకటే పద్ధతి. మన దేశంలో ఐఎస్/ఐఈసీ 60529 అనే ప్రమాణం కింద ఉంది. మొదటి అంకె దుమ్ముకు, రెండవ అంకె నీటికి. రెండింటినీ కలిపి అరవై అయిదు అని చదివి, ఎక్కువైతే మంచిదని అనుకోకండి. విడివిడిగా చదవండి.

మొదటి అంకె 2 అయితే వేలు లోపలికి పోదు, అంతే. 5 అయితే కొంచెం దుమ్ము పోయినా పని చెడదు. 6 అయితే దుమ్ము అసలు పోదు. మన పెంపకం గదిలో సున్నపు పొడి, పడక మీద చల్లే మందు పొడి ఎప్పుడూ గాలిలో ఉంటాయి కాబట్టి 6 మంచిది.

రెండవ అంకె దగ్గర కొంచెం ఆగండి. సున్నా అంటే నీటికి ఏ రక్షణా లేదని అర్థం. ఇళ్ళకు అమ్మే ఎల్ఈడీ పట్టీలు చాలావరకు ఐపీ 20 రకమే. 4 అయితే ఎటు నుంచి తుంపర పడినా తట్టుకుంటుంది. 5 అయితే ధారను తట్టుకుంటుంది. దాని పరీక్షలో 6.3 మిల్లీమీటర్ల నాజిలుతో, నిమిషానికి 12.5 లీటర్ల చొప్పున, 3 మీటర్ల దూరం లోపు నుంచి కనీసం 3 నిమిషాలు కొడతారు. 6 అయితే ఆ నీరు నిమిషానికి 100 లీటర్లు అవుతుంది. 7 అంటే ఒక మీటరు లోతు నీటిలో అరగంట మునిగినా లోపలికి పోదు. 8 అంటే అంతకన్నా కఠినమైన మునక. ఎంత లోతు, ఎంతసేపు అన్నది తయారీదారు చెప్పాలి.

ఇక్కడ చాలామంది పొరపడతారు. 7 పెద్దది కాబట్టి 5, 6 చేసే పని కూడా చేస్తుందని అనుకుంటారు. కాదు. మునిగినప్పుడు నీరు నాలుగు వైపుల నుంచీ నెమ్మదిగా నొక్కుతుంది. ధార మాత్రం ఒకే చోట గుచ్చుతుంది. మునకను తట్టుకున్న రబ్బరు అంచు ధారకు లేచిపోవచ్చు. రెండు పరీక్షలూ నెగ్గిన ఫిటింగు మీద ఐపీ 66, ఐపీ 67 అని రెండూ రాసి ఉంటాయి. పవర్ స్ప్రేయరు వాడే షెడ్డుకు కావలసింది 5 లేదా 6. తుఫాను నీళ్ళు నిలిచే తొండియార్‌పేట ఇంటి గేటు కింది దీపానికి కావలసింది 7. కప్పుకు తగిలించే మన దీపానికి 7 కోసం డబ్బు పోయనక్కరలేదు.

ఇంకొక మాట బాగా గుర్తు పెట్టుకోండి. ఐపీ అంకె నీటి గురించి, దుమ్ము గురించి మాత్రమే చెబుతుంది. తుప్పు గురించి ఒక్క మాట కూడా చెప్పదు. పరీక్షలో కొట్టేది మంచినీళ్ళు. ఉప్పునీళ్ళు కావు, బ్లీచింగ్ నీళ్ళు కావు. ఐపీ 66 ఫిటింగు కొత్తగా ఉన్నప్పుడు చుక్క నీరు పోనివ్వదు. కానీ దాని క్లిప్పులు మామూలు ఇనుమువైతే రెండు మూడు శుద్ధులకు తుప్పు పట్టి వదులవుతాయి. క్లిప్పు వదులైతే రబ్బరు మీద నొక్కుడు తగ్గుతుంది. ఆ రోజు నుంచి అది ఐపీ 66 కాదు, ఒంటి మీద మాత్రం ఆ అంకె అలాగే ఉంటుంది. తుప్పు పరీక్ష వేరే ఉంది. 5 శాతం ఉప్పునీటిని 35 డిగ్రీల వేడిలో పొగమంచులా గంటల తరబడి చిమ్ముతారు. దాన్ని సాల్ట్ స్ప్రే పరీక్ష అంటారు. ఫిటింగు ఎన్ని గంటలు నిలిచిందని అడగండి. దుకాణదారుడికి తెలియకపోయినా కంపెనీ కాగితంలో ఉంటుంది. ఆ కాగితం తెప్పించమనండి. అడిగేవాళ్ళు నలుగురైతే తెప్పిస్తాడు.

అలాగే ఆవిరి. ఐపీ 65 పరీక్షలో ఆవిరి లేదు. గూళ్ళు ఉడికే బేసిన్ పైన మీ దీపం పగలంతా వేడెక్కుతుంది. లోపలి గాలి ఉబ్బి సందుల్లోంచి బయటికి పోతుంది. సాయంత్రం దీపం ఆర్పగానే చల్లబడి బయటి గాలిని లోపలికి లాగుతుంది. వేడి అన్నం పెట్టిన టిఫిన్ బాక్సు మూత చల్లారాక ఎంత బిగుసుకుంటుందో మీకు తెలుసు. అదే లాగుడు ఇక్కడ తడిగాలిని లాగుతుంది. కొన్నాళ్ళకు గాజు లోపల నీటి బొట్లు కనిపిస్తాయి. మంచి ఫిటింగుల్లో గాలిని వదిలి నీటిని ఆపే చిన్న బిళ్ళ ఒకటి ఉంటుంది. దాన్ని రంధ్రం అనుకుని ఎం-సీల్‌తో మూసేసినవారు ఉన్నారు. మూయకండి.

ఒళ్ళు దేనితో చేసింది?

ఐపీ అంకె తరువాత అడగవలసింది ఇదే. మన అవసరానికి నాలుగైదు రకాలు చాలు.

అల్యూమినియం పోత ఫిటింగు చూడ్డానికి గట్టిగా, ఖరీదుగా ఉంటుంది. రోడ్డు మీదికి, పశువుల కొట్టం ముందరికి మంచిది. కానీ సున్నం అల్యూమినియానికి పడదు. సున్నపు నీళ్ళు, బ్లీచింగ్ రెండూ కలిసిన చోట రంగు లేచి తెల్లని పొడి రాలుతుంది. పెంపకం గదికి దాన్ని కొనవద్దు. ఎక్కువ డబ్బు పెట్టి చెడ్డది కొనడం అంటే ఇదే.

స్టెయిన్‌లెస్ స్టీలు ఒక్క రకం కాదు. మనకు ఎక్కువగా దొరికే 304 రకంలో క్రోమియం, నికెలు ఉంటాయి. క్లోరైడు తగిలితే దానికి సూదిమొనంత గుంటలు పడతాయి. 316 రకంలో మాలిబ్డినం కూడా కలుపుతారు, అందువల్ల సముద్రపు ఒడ్డున అది ఎక్కువ కాలం నిలుస్తుంది. ఒళ్ళంతా 316 కొనడం మనకు అనవసరపు ఖర్చు. క్లిప్పులు, స్క్రూలు మాత్రం స్టెయిన్‌లెస్ అయి ఉండాలి, 316 దొరికితే ఇంకా మంచిది. స్టెయిన్‌లెస్ స్క్రూను అల్యూమినియంలో బిగిస్తే తడి తగిలిన చోట అల్యూమినియం స్క్రూ చుట్టూ కరుగుతుంది. ముందే అలాంటిది కొని ఉంటే స్క్రూకు గ్రీజు పూసి బిగించండి.

ఫైబర్ గ్లాసు, అంటే గాజునారతో పోసిన ప్లాస్టిక్ ఒళ్ళు. మన పెంపకం గదికి నా ఓటు దీనికే. తుప్పు పట్టదు, తేలికగా ఉంటుంది, కరెంటు పాకదు.

పాలీకార్బొనేటు మూత దెబ్బకు పగలదు. అందుకని అందరూ దాన్నే పొగుడుతారు. అయితే గట్టి సున్నపు నీళ్ళు, వేడినీటి ఆవిరి ఏళ్ళ తరబడి తగిలితే మసకబారి పెళుసుబారుతుంది. పెంపకం గదిలో శుద్ధి అయ్యాక మంచినీటి గుడ్డతో తుడిచేవారికి అది చాలు. తుడవని వారికి చాలదు. అక్రిలిక్ మూత మందులకు బాగా ఓర్చుకుంటుంది, దెబ్బకు మాత్రం చిట్లుతుంది. ఆవిరి ఎక్కువున్న చోట గట్టిపరచిన గాజు మూత అన్నిటికన్నా మేలు. బేసిన్‌కు సరిగ్గా పైన మాత్రం గాజు వేలాడదీయకండి, పగిలితే ముక్కలు వేడినీళ్ళలో, చేతుల మీద పడతాయి.

గూళ్ళు ఆరబెట్టే వేడి గది లోపల ఏ ఎల్ఈడీ దీపమూ పెట్టవద్దు. అక్కడ వేడి 100 డిగ్రీలు దాటుతుంది. ఫిటింగుల మీద రాసి ఉండే వేడి హద్దు చాలావాటికి 45, 50 డిగ్రీలే. బయట దీపం పెట్టి గాజు కిటికీలోంచి చూడండి.

పాత ఇనుప సామాన్ల దుకాణాల్లో బరువైన, లావుపాటి పోత దీపాలు తక్కువ ధరకు వస్తుంటాయి. చమురు కంపెనీలు పెట్టుకునేవండీ, వీటికి తిరుగులేదండీ అని అమ్ముతారు. తొండియార్‌పేటలో పెట్రోలు నిల్వ చేసే పెద్ద తొట్ల దగ్గర వాడేవి ఈ జాతివే. వాటిని ఫ్లేమ్‌ప్రూఫ్ అంటారు. లోపల నిప్పురవ్వ లేస్తే అది బయటి పెట్రోలు ఆవిరికి అంటకుండా ఆపడం వాటి పని. నీళ్ళు ఆపడం వేరే పని, దానికి వేరే ఐపీ అంకె ఉండాలి. మన షెడ్డులో పెట్రోలు ఆవిరి లేదు. తుప్పు, తడి ఉన్నాయి. ఆ దీపం అక్కడికి తగినది, ఇక్కడికి కాదు.

దుకాణంలో చూసుకోవలసినవి

ఐపీ అంకె అట్టపెట్టె మీద కాకుండా ఫిటింగు ఒంటి మీద అచ్చుపోసి గానీ, చెరగని ముద్రగా గానీ ఉందా చూడండి. బీఐఎస్ నమోదు అంకె, అంటే ఆర్ అక్షరంతో మొదలయ్యేది ఉందా చూడండి. మూత తీసి రబ్బరు గాస్కెట్ చుట్టూ వేలు పోనివ్వండి. అతుకు ఎక్కడుంది, ఎక్కడైనా తెగి ఉందా చూడండి. తరువాత పలుచని కాగితం ముక్కను అంచున పెట్టి మూత బిగించి లాగండి. బిగుతుగా పట్టుకోవాలి. నాలుగు వైపులా ఇలాగే చేయండి. ఎక్కడ సులువుగా జారి వచ్చిందో నీరు అక్కడే పోతుంది.

ఇంటికి తెచ్చాక, వైరు తగిలించక ముందే మరో పరీక్ష చేయవచ్చు. లోపల ఎండిన వార్తాపత్రిక ముక్క పెట్టి, మూత బిగించి, వైరు దూరే చోటును దాని సొంత బిరడాతో మూసి, మొక్కలకు నీళ్ళు పోసే డబ్బాతో అయిదు నిమిషాలు అన్ని వైపుల నుంచీ పోయండి. పైన తుడిచి మూత తీసి కాగితం చూడండి. తడిస్తే వెనక్కి ఇచ్చేయండి. కరెంటు ఇచ్చిన ఫిటింగుకు ఈ పరీక్ష ఎప్పుడూ చేయకండి.

వైర్‌మ్యాన్ దగ్గర ఉండి చేయించుకోవలసినవి

మంచి ఫిటింగులు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. వైరు దూరడానికి పక్కన గ్లాండు పెట్టి ఇస్తే, అది చాలదని పైన డ్రిల్లు వేసి రంధ్రం చేస్తారు. నీరు పడేది పైనుంచే కదా! వైరు కింది నుంచి గానీ, పక్క నుంచి గానీ పోవాలి. పోయే ముందు ఫిటింగు కన్నా కిందికి ఒక వంపు తిరగాలి. అప్పుడు వైరు వెంట జారే నీరు ఆ వంపు దగ్గర చుక్కలుగా రాలిపోతుంది.

బోరు మోటారుకు వాడగా మిగిలిన చదును కేబులుతో దీపాలకు వైరింగు చేయడం మన ఊళ్ళలో అలవాటు. గ్లాండు రంధ్రం గుండ్రం, ఆ కేబులు చదును. రెండు పక్కలా సందు మిగులుతుంది. ఎంత బిగించినా అది మూసుకోదు. మూడు తీగలున్న గుండ్రటి కేబులే వాడండి. దాని లావుకు సరిపోయే గ్లాండు కొనండి. గొట్టాలు ఇనుపవి కాకుండా పీవీసీవి వేయించండి.

స్విచ్చులు గది బయట ఉండాలి. శుద్ధి చేసే రోజు మెయిన్ ఆపిన తరువాతే స్ప్రేయరు ముట్టుకోవాలి. గది తిరిగి తెరిచి గాలి ఆడాక, మెయిన్ ఇవ్వక ముందే, ఫిటింగు అంచులు, క్లిప్పులు మంచినీటిలో పిండిన గుడ్డతో తుడవాలి. తుడిచిన ఫిటింగుకు, తుడవని దానికి ఎంత తేడా వస్తుందో రెండు పంటలకే మీకు కనిపిస్తుంది.

పెంపకం గదిలో వెలుగు ఎక్కువ పెట్టకండి. పట్టుపురుగు 15 నుంచి 20 లక్సుల మసక వెలుగునే ఇష్టపడుతుంది. పెద్ద పురుగులకు రోజుకు 16 గంటల వెలుగు, 8 గంటల చీకటి ఇవ్వాలి. అందుకని రెండు వరసలు వేయించుకోండి. పురుగుల కోసం చిన్న దీపాలు, మీరు ఏరడానికి, శుభ్రం చేయడానికి పెద్ద దీపాలు, వేరువేరు స్విచ్చుల మీద ఉంచండి. రీలింగు పని వేరు. అక్కడ దారపు కొసను వెతికే కళ్ళకు వెలుగు పుష్కలంగా కావాలి, అదీ నీడ పడకుండా పక్క నుంచి రావాలి. దీపాన్ని బేసిన్ నెత్తిన కాక కాస్త ముందుకు, పైకి జరిపితే ఆవిరి తగ్గుతుంది, నీడా తగ్గుతుంది.

ప్రాణానికి సంబంధించినవి

ఇనుప, అల్యూమినియం ఒళ్ళున్న ఫిటింగుకు ఎర్త్ వైరు తప్పనిసరి. పైన చెప్పిన అమ్మాయి సంగతి ఎర్త్ వైరు బిగించకపోవడం వల్లే జరిగింది. చదరంలో చదరం గుర్తు ఉన్న ప్లాస్టిక్ ఫిటింగుకు రెండు పొరల రక్షణ ఉంటుంది, దానికి ఎర్త్ అక్కరలేదు. తడి షెడ్డుకు నేను ఆ గుర్తున్నదే కొనమంటాను.

ఎంసీబీ ఉంది కదా, పడిపోతుందిలే అని ధైర్యంగా ఉండకండి. ఎంసీబీ కాపాడేది వైరును, మనిషిని కాదు. మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. కరెంటు పోయిన దారిన తిరిగి రాకుండా ఎవరి ఒంట్లోంచో నేలకు దిగుతుంటే, సెకనులో మూడో వంతు గడవక ముందే అది పడిపోతుంది. అయితే ఒక చేయి ఫేజు మీద, మరో చేయి న్యూట్రలు మీద వేస్తే అది కూడా గుర్తించలేదు. మోటారుతో కలిపి ఒకే ఆర్‌సీసీబీ పెడితే మాటిమాటికీ పడిపోతుందని విసుగెత్తి దాన్ని తప్పించి డైరెక్టుగా కలిపేసిన షెడ్లు ఉన్నాయి. దీపాలకు వేరే, మోటారుకు వేరే పెట్టుకుంటే ఆ విసుగు ఉండదు.

తడి చేతులకు అందేంత దగ్గరగా దీపం తప్పదనుకున్న చోట 12 లేదా 24 వోల్టుల ఎల్ఈడీ పెట్టించండి. దాని కరెంటు పెట్టె పొడి గదిలో ఉండాలి, అది 230 వోల్టులను పూర్తిగా వేరుచేసే రకం అయి ఉండాలి. షాకు భయం చాలావరకు పోతుంది. తుప్పు భయం పోదు కాబట్టి దానికీ ఐపీ 65, స్టెయిన్‌లెస్ స్క్రూలు అవసరమే.

ఒకేసారి అన్నీ మార్చే స్థోమత అందరికీ ఉండదు. ముందు ఆర్‌సీసీబీ, ఎర్త్ సరిచేయించండి. తరువాత బేసిన్ దగ్గరి దీపాలు మార్చండి. ఆ తరువాత చాకీ గది, చివరగా పెద్ద పురుగుల షెడ్డు. ఆకు నిలవ గదిలో, వసారాలో పాత ఫిటింగులనే కొన్నాళ్ళు వాడుకోవచ్చు. ఆర్‌సీసీబీ మీద ఉన్న టెస్ట్ మీటను నెలకొకసారి నొక్కి చూడండి. నొక్కగానే పడిపోవాలి. పడకపోతే ఆ రోజే మార్పించండి.

ఫిటింగు కొనే ముందు సందేహం ఉంటే దాని ఒంటి మీద రాసి ఉన్నదంతా ఒక కాగితం మీద ఎక్కించుకుని, మీరు వాడే శుద్ధి మందు పేరు, స్ప్రేయరు రకం కూడా పక్కన రాసి, మీ దగ్గరి పట్టు పరిశ్రమ శాఖ సాంకేతిక సేవా కేంద్రానికి తీసుకురండి.